రోజెట్ కోసం గుట్టెక్కిన రాత్రి

కారు దిగి తలెత్తేసరికే గొల్లకావడి చుక్కలు బాగా పైకొచ్చేశాయి. అమావాస్య రాత్రి, మబ్బు తునక కూడా లేదు, ఊరి వెలుగులు ఎక్కడో వెనకబడిపోయాయి. ఇన్నీ ఒకేసారి కలిసిరావడమే అరుదు. అలాంటి రోజునే, రోజెట్ నిహారికను ఫొటో తీద్దామని వస్తూ, దారి తప్పి గంట పోగొట్టుకున్నాం.

“ఇంతకీ ఏది?” అన్నాడు బావ. డ్రైవింగ్‌కి సాయం వచ్చాడు పాపం. ఆర్ద్రా నక్షత్రానికీ ప్రోసియాన్ అనే చుక్కకీ మధ్య, ఏమీ లేనట్టున్న చోటు చూపించాను. రోజెట్ నిహారిక, అంటే గులాబీ పువ్వులా ఉండే వాయువు, ధూళి మబ్బు, అక్కడే ఉంది. దాదాపు 5,000 కాంతి సంవత్సరాల దూరం. వెడల్పు చూస్తే నిండు చందమామకు రెండింతల పైనే, అయినా కంటికి ఆనదు. నడుమనున్న కుర్ర నక్షత్రాల అతినీలలోహిత కాంతి హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంది. అవి మళ్ళీ వచ్చి చేరేటప్పుడు 656 నానోమీటర్ల ఎర్రటి వెలుగు పుడుతుంది. చీకట్లో మన కన్ను ఆ ఎరుపును పట్టుకోలేదు. మామూలు కెమెరాలో సెన్సర్ ముందుండే ఫిల్టర్ కూడా దాన్ని చాలావరకు ఆపేస్తుంది. అందుకే నా పాత కెమెరాకు ఆ ఫిల్టర్ తీయించేశాను.

టెలిస్కోప్‌ను మోస్తూ చుక్కల వెంట తిప్పే మౌంట్‌ను ఆకాశ ధ్రువానికి గురిపెట్టడానికే అరగంట పట్టింది. ఫోకస్ కోసం టెలిస్కోప్ మూతికి బాటినోవ్ మాస్క్ అనే చీలికల పలక తగిలించి ప్రోసియాన్ వైపు తిప్పాను. చుక్కలోంచి మూడు గీతలు చీలాయి. నడిమి గీత మిగతా రెంటికీ సరిగ్గా మధ్యకు వచ్చేదాకా నాబ్‌ని వెంట్రుకవాసి చొప్పున కదపాలి. నాకైతే ఊపిరి దానంతటదే ఆగిపోతుంది.

3 నిమిషాల పాటు తీసిన మొదటి ఫ్రేమ్ తెర మీదికొచ్చింది. నడుమ నక్షత్రాల గుంపు, చుట్టూ ఉందా లేదా అన్నట్టు ఎర్రటి మసక. బావ కళ్ళు చికిలించి “ఇదా!” అన్నాడు. అది మెచ్చుకోలో కాదో నేను అడగలేదు.

అర్ధరాత్రి దాటాక ఫొటోల్లో చుక్కలు ఉబ్బడం మొదలైంది. టార్చ్ వేసి చూస్తే లెన్స్ నిండా మంచు. మంచు పట్టకుండా లెన్స్‌ను వెచ్చగా ఉంచే డ్యూ హీటర్ పట్టీ ఇంట్లో బల్ల మీదే ఉంది, బ్యాగు సర్దేటప్పుడు తీసి పక్కన పెట్టింది నేనే. తుడిస్తే గీతలు పడతాయని భయం. టెలిస్కోప్ విప్పి, కారులో హీటర్ వేసి, వెనక సీట్లో కూర్చోబెట్టాం. మళ్ళీ ఫోకస్, మళ్ళీ ఫ్రేమింగ్. తెల్లారేసరికి 52 ఫ్రేముల్లో పనికొచ్చినవి 31.

ఇంటికొచ్చాక వాటిని స్టాక్ చేసి, అంటే అన్నిటినీ ఒకే ఫొటోగా కలిపి, కాంట్రాస్ట్ పెంచుతుంటే పువ్వు మెల్లగా విచ్చుకుంది. ఎర్రటి రేకుల మీద అక్కడక్కడా నల్లటి పోగులు.

“ఇవీ మంచు మరకలేనా?” అన్నాడు బావ, నా భుజం మీంచి తొంగిచూస్తూ.

“కాదు బావా, వెనకున్న వెలుగుకు అడ్డొచ్చిన ధూళి మబ్బులు.”

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.