ఎవరిని ముట్టుకుంటావని అడిగారు

"ఈ వార్డులో మగ పేషెంట్లు, ఆడ పేషెంట్లు అంటూ వేరే లేరు. పేషెంట్లు ఉన్నారు, అంతే." జర్మనీలో నేను నర్సుగా పనిచేసే ఆస్పత్రిలో మా వార్డు హెడ్ ఈ మాట డ్యూటీ మారే టైములో, అందరూ ఉండగానే అన్నది. నేను అడిగింది చాలా చిన్న విషయం. ఒక పెద్దాయనకు ఒళ్లు తుడవాల్సి ఉంటే, పక్క గదులు చూస్తున్న మగ నర్సుతో "ఈయనకు మీరు చేయండి, మీ గదిలో ఆవిడకు నేను చేస్తాను" అన్నాను. పని ఎగ్గొట్టలేదు, మార్చుకుందామన్నాను. మా దగ్గరైతే దీన్ని మర్యాద అంటారు. ఇక్కడ అందరి ముందు మాట పడాల్సి వచ్చింది.

మాది నల్గొండ జిల్లా, మర్రిగూడ వైపు. బీఎస్సీ నర్సింగ్ చేసి, హైదరాబాద్‌లో ఒక పెద్ద ప్రైవేటు ఆస్పత్రిలో పనిచేసి, విదేశాల్లో ఉద్యోగాలు చూపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా జర్మన్ నేర్చుకుని, బీ2 స్థాయి భాషా పరీక్ష పాసై ఇక్కడికి వచ్చాను. రూర్ ప్రాంతంలో ఒకప్పుడు బొగ్గు గనుల మీద బతికిన పట్టణం ఇది. హైదరాబాద్‌లో మందులు, ఐవీలు, మానిటర్లు, చార్టులు మా పని. ఒళ్లు తుడవడం, డైపర్ మార్చడం ఆయాల పని, మగవాళ్లకైతే వార్డు బాయ్‌ల పని. మగ పేషెంటుకు యూరిన్ ట్యూబ్ వేయాలంటే మగ స్టాఫ్‌ను పిలిచేవాళ్లం. పేషెంటు పరువు, మా పరువు రెండూ నిలిచే పద్ధతి అది. అది తప్పని నేను ఇప్పటికీ అనను.

ఆ జాగ్రత్త ఊరికే పుట్టలేదు కూడా. ముంబై కె.ఈ.ఎం. ఆస్పత్రిలో 1973లో అరుణా షాన్‌బాగ్ అనే నర్సు మీద అక్కడి వార్డు బాయే దాడి చేశాడు. 2015లో చనిపోయేదాకా ఆమె మంచంలోనే ఉంది. ఆ 42 ఏళ్లూ ఆమెను చూసుకున్నది ఆ ఆస్పత్రి నర్సులే. ఈ కథ తెలియకుండా మా దేశంలో ఎవరూ నర్సు కారు. నైట్ డ్యూటీలో ఏ గదికి ఒంటరిగా వెళ్లాలి, ఎవరిని తోడు తీసుకెళ్లాలి అన్న లెక్క మాకు మందుల లెక్కతో పాటే అలవాటవుతుంది. ఇదంతా వార్డు హెడ్‌కు ఆ క్షణంలో ఎలా చెప్పాలి? జర్మన్ వచ్చినంత మాత్రాన అన్ని మాటలూ సమయానికి నోటికి రావు.

ఇక్కడి నర్సింగ్‌లో ఒళ్లు తుడవడం కింది స్థాయి పని కాదు. తుడిచేటప్పుడే చర్మం చూస్తాం, నడుము కింద, మడమల దగ్గర పుండు మొదలవుతోందా అని చూస్తాం, ఊపిరి ఎలా ఆడుతోంది, మనిషి ఈ రోజు తెలివిగా ఉన్నాడా లేదా గమనిస్తాం. చేసే తీరు కూడా చెప్పుకోవాలి. ముందు తలుపు మూయాలి. నీళ్ల వేడి సరిపోయిందా అని పేషెంటునే అడగాలి. మొదట మొహం, తర్వాత చేతులు, ఛాతీ. తుడిచే భాగం మీద మాత్రమే దుప్పటి తీసి, మిగతా ఒళ్లంతా కప్పే ఉంచాలి. కింది భాగానికి వేరే గుడ్డ, కొత్త నీళ్లు. చేయి ఆడే మనిషైతే ఆ గుడ్డ ఆయన చేతికే ఇచ్చి మనం పక్కకు తిరగాలి. ఒక మనిషి సిగ్గును ఇంత జాగ్రత్తగా కాపాడడం నేను వేరే ఎక్కడా చూడలేదు. మా దగ్గర జనరల్ వార్డులో మంచానికి మంచానికి మధ్య ఒక తెర ఉంటే అదే ఎక్కువ.

అయినా ఒక్క చోట నా మనసు ఒప్పుకోలేదు. అదే వార్డులో ఒకావిడ "నాకు మగ నర్సు వద్దు" అన్నది. ఆ మాట వెంటనే ఆమె ఫైలులో రాశారు, ఆ రోజు నుంచి ఏ మగ నర్సూ ఆమె ఒంటి మీద చేయి వేయలేదు. చాలా మంచి పద్ధతి. మరి పేషెంటు సిగ్గుకు ఫైలులో చోటున్నప్పుడు నా సిగ్గుకు ఎక్కడుంది? జీతం తీసుకునే మనిషికి సిగ్గుండదా? దీనికి నాకు దొరికిన జవాబు ఒక్కటే, పేషెంటు మంచంలో పడి ఉన్నాడు, నేను నిలబడి ఉన్నాను. ఇద్దరిలో బలహీనుడిది ముందు చూస్తారు. న్యాయమే. కానీ న్యాయమని తెలిసినా కడుపులో మంట తగ్గడానికి టైం పట్టింది.

ఆ మంట తగ్గకముందే ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. నల్గొండలో ఒక సంబంధం చూస్తున్నారు. అబ్బాయి సాఫ్ట్‌వేర్. పెళ్లయ్యాక స్పౌజ్ వీసా మీద ఇక్కడికి రావడానికి వాళ్లకేం అభ్యంతరం లేదు, సంతోషమే. వాళ్ల అమ్మ మాత్రం మధ్యవర్తితో ఒక మాట అడిగించింది: "ఆ దేశంలో నర్సులు మగోళ్లకు స్నానాలు గూడ చేపిస్తరట గదా? పిల్ల గసోంటి పనే చేస్తదా?" ఆ తర్వాత షరతు. పెళ్లి నాటికి వార్డు మానేసి ఆఫీసు పనో, చదువు చెప్పే పనో చూసుకోవాలి.

ముట్టుకోనందుకు ఒక దేశంలో మాట పడ్డాను. ముట్టుకుంటున్నందుకు ఇంకో దేశంలో సంబంధం ఆగింది. కోపంతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నిద్ర పట్టకే మా తాత గుర్తొచ్చాడు.

మా వైపు బోరు నీళ్లు ఎలాంటివో జిల్లా వాళ్లకు చెప్పనక్కర్లేదు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. దానికి ఎన్నో రెట్లున్న నీళ్లు తాత పుట్టినప్పటి నుంచి తాగాడు. నడుము వంగిపోయింది, మెడ తిరగదు, మోకాళ్లు ముడవలేడు. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ 2016లో మొదలయ్యే నాటికి ఆయన లేడు. చివరి రోజుల్లో పూర్తిగా మంచమే. చూసుకున్నది మా అమ్మ, అంటే ఆయన కోడలు.

అమ్మ ఆయన ముందు ఎన్నడూ మంచం మీద కూర్చోలేదు. ఆయన అరుగు మీద ఉంటే వెనక దర్వాజ నుంచి తిరిగి వచ్చేది. ఏదైనా చెప్పాలంటే నన్నో, నాయిననో మధ్యలో పెట్టి చెప్పించేది. ఆ అమ్మే పొద్దున్నే నీళ్లు కాగబెట్టి, నులక మంచం వాకిట్లో వేయించి, ఆయనకు ఒళ్లు కడిగేది. కొంగు తల మీదికి లాక్కుని, మొహం పక్కకు తిప్పుకుని, చూడకుండానే అన్నీ చేసేది. ఆయన కళ్లు మూసుకునేవాడు. ఇద్దరి మధ్య ఒక్క మాట ఉండేది కాదు. అది అయ్యాక అమ్మ నాటుకో, పత్తి ఏరడానికో కూలికి పోయేది. నాయిన ఇంట్లో ఉన్న రోజుల్లోనూ ఆ పని అమ్మదే. "నువ్వెందుకు చేయవు" అని ఆయనను ఎవరూ అడగలేదు, అడగాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు.

ఊరంతా ఆమెను మెచ్చుకున్నది. "కోడలంటే గట్ల ఉండాలె" అన్నారు. అదే పనికి నేను చదువుకుని, సర్టిఫికెట్ తెచ్చుకుని, జీతం తీసుకుంటే సంబంధం ఆగుతుంది. మగవాళ్లను ఆడది ముట్టుకోకూడదన్నది మన ఆచారమని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను, వార్డు హెడ్ ముందు మనసులో దాన్నే వెనకేసుకొచ్చాను. అసలు ఆచారం అది కాదు. ఇంట్లోవాళ్లకైతే, ఊరికే అయితే, ఎంతైనా ముట్టుకోవచ్చు. పరాయి మగవాణ్ని డబ్బులకు ముట్టుకుంటేనే అనుమానం.

ఆ అనుమానం వెనక ఇంకోటి కూడా ఉంది. నర్సు అన్ని కులాల వాళ్ల ఒంటినీ ముట్టుకుంటుంది, మలమూత్రాలు ఎత్తుతుంది. అందుకే చాలా కాలం పెద్ద కులాలనుకునే ఇళ్ల నుంచి ఈ చదువుకు ఆడపిల్లలను పంపలేదు. ఆడపిల్ల మనసు ఎవరి మీదికి పోతుందో అన్న భయమూ చివరికి అక్కడికే వస్తుంది. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో కులం దాటి పెళ్లి చేసుకున్న అబ్బాయిని, గర్భిణి అయిన భార్య పక్కనుండగానే, ఆస్పత్రి నుంచి బయటికి వస్తుంటే నరికి చంపారు. చేయించింది అమ్మాయి తండ్రి. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఇక్కడి నా తోటి నర్సు ఒకామె "నీకు నచ్చినవాణ్ని నువ్వే చూసుకోవచ్చు కదా, ఎవరికి భయం?" అని మామూలుగా అడిగింది. ఆమెకు ఇది చెప్పడానికి నాకు నోరు రాలేదు. మా జిల్లా గురించి ఆమెకు తెలిసే మొదటి సంగతి ఇది కాకూడదనిపించింది. అందుకే మల్లు స్వరాజ్యం గురించి చెప్పాను. పదిహేనేళ్లు దాటిన వయసులోనే నిజాం సర్కారు మీద, దొరల మీద తుపాకీ పట్టి, తర్వాత తుంగతుర్తి నుంచి ఎమ్మెల్యే అయిన మా ఉమ్మడి జిల్లా ఆడబిడ్డ అని చెప్పాను. అదీ మాదే, ఇదీ మాదే. ఒకటి చెప్పి ఒకటి దాచుకున్నాను, పరాయి దేశంలో ఎవరైనా అదే చేస్తారు.

వార్డులో ఆ తర్వాత జరిగింది కూడా చెప్పాలి. నేను తుడవనన్న పెద్దాయన ఒకప్పటి గని కార్మికుడు. ఊపిరితిత్తుల్లో గని దుమ్ము. ఈ దేశంలో భూమి లోపలికి దిగి తవ్వే ఆఖరి బొగ్గు గని 2018 డిసెంబరులో మూసేశారు, అప్పటికే ఆయన రిటైరై ఎన్నో ఏళ్లు. మాట పడ్డాక ఆయన పని నేనే చేస్తూ వచ్చాను. ఒకరోజు చేతులు తుడుస్తుంటే "నీ కళ్లు చాలా అందంగా ఉన్నాయి" అన్నాడు. నేను బిగుసుకుపోయాను. హైదరాబాద్‌లో మా ఆస్పత్రిలో పేషెంటు ఇలా అంటే ముందు మనల్నే అడుగుతారు, "నువ్వేమన్నా నవ్వావా?" అని. నేను నోరెత్తలేదు. గది బయటికి వచ్చిన నా మొహం చూసి వార్డు హెడే పక్కకు పిలిచింది. ఏమన్నాడో అడిగింది, చెప్పించుకుంది. "నీకు ఇబ్బందిగా ఉందా? ఉందంటే నేను ఇప్పుడే వెళ్లి మాట్లాడతాను, రేపటి నుంచి వేరేవాళ్లను వేస్తాను. ఇది నీ తప్పు కాదు" అన్నది. ఆ రోజు అందరి ముందు నన్ను మాటన్న మనిషే ఈమె.

అంటే నా మాటకూ ఇక్కడ చోటుంది. మగవాడు కాబట్టి ముట్టుకోను అంటే వినరు. ఈ మనిషి నాతో ఇలా ప్రవర్తించాడు అంటే వింటారు. ఈ తేడా మా దగ్గర ఎవరైనా ముందే చెప్పి ఉంటే, మగవాళ్లందరికీ భయపడుతూ ఇన్నేళ్లు గడిపేదాన్ని కాదు.

నేను ఆయన గది మార్పించుకోలేదు. ఆయన మాటలో చెడు లేదని నాకే అనిపించింది. ఆయన కూతురు ఆదివారం వస్తుంది, పూలు పెట్టి గంట కూర్చుని వెళ్తుంది. వారంలో మిగతా రోజులు ఆయన ఒంటికి తగిలే మనిషి చేయి మా నర్సులదే. నల్గొండ పెద్దాస్పత్రిలో ఒక పేషెంటు చుట్టూ నలుగురుంటారు, వరండాలో చాపలు, టిఫిన్ డబ్బాలు, ఏడ్చేవాళ్లు, పోట్లాడేవాళ్లు. సిస్టర్లకు విసుగే. కానీ ఒళ్లు తుడిచిన మనిషి కళ్లు చూసి మురిసిపోవాల్సినంత ఒంటరితనంలో అక్కడ ఏ ముసలాయనా ఉండడు. ఈ విషయంలో మేమే మెరుగని ఎవరి ముందైనా అంటాను. ఆ నలుగురిలో మంచం దగ్గర పని చేసేది ఎప్పుడూ ఆడమనిషే అన్నది కూడా ఇప్పుడు కనిపిస్తోంది, కనిపించాక చూడనట్టు ఉండలేను.

ఇక్కడి ఆడవాళ్లు మొదటి నుంచీ ఇంత స్వేచ్ఛగా ఉన్నారని కూడా అనుకోవద్దు. మగ నర్సు వద్దన్న ఆవిడ పెళ్లికి ముందు బట్టల దుకాణంలో పనిచేసేదట, పెళ్లయ్యాక మాన్పించారట. ఇంటి పనులకు అడ్డు రాకుంటేనే భార్య ఉద్యోగం చేయాలని పశ్చిమ జర్మనీలో 1977 దాకా చట్టంలోనే ఉంది. 1960లలో కేరళ నుంచి చర్చిల ద్వారా నర్సు పనికి ఇక్కడికి వచ్చిన అమ్మాయిలను వాళ్ల ఊళ్లూ మొదట ఇలాగే అనుమానంగా చూశాయి. తర్వాత ఆ డబ్బులతోనే ఎన్నో ఇళ్లలో చెల్లెళ్ల పెళ్లిళ్లయ్యాయి, నర్సు సంబంధాలు వెతుక్కుంటూ వచ్చే రోజులూ వచ్చాయి. మా వైపు ఇప్పుడు మొదలైంది.

మధ్యవర్తిని పక్కన పెట్టి అబ్బాయితో నేరుగా మాట్లాడతానన్నాను. ఒప్పుకున్నాడు. మంచిగానే మాట్లాడాడు. "రేపు మీ నాన్న మంచాన పడితే ఎవరు చూసుకుంటారు?" అని అడిగాను. "ఇంట్లోవాళ్లం" అన్నాడు. "ఒళ్లు ఎవరు కడుగుతారు?" అన్నాను. కాసేపు ఆగి, "నాకు రాదు. అసలు ఎప్పుడూ ఆలోచించలేదు" అన్నాడు. నువ్వే కదా అని అనలేదు, అందుకు నాకు ఆ అబ్బాయి మీద గౌరవం కలిగింది.

మాటలు ఇంకా నడుస్తున్నాయి. వార్డు మానే షరతు ఒప్పుకోనని అమ్మతోనే చెప్పించాను. అమ్మ మధ్యవర్తికి ఫోన్ చేసి, "మా మామకు నేను చేసిన. అప్పుడు ఎవ్వరూ ఏమనలేదు. నా బిడ్డను ఎందుకంటరు?" అని అడిగిందట. వాళ్ల నుంచి ఇంకా ఏ సంగతీ రాలేదు.