నేల కింద వేడినీళ్లు: తవ్వకం నుంచి తొలి చలికాలం దాకా

జూన్: ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో మా ఇంటి కింది అంతస్తు పాత కాంక్రీటును ఎలాగూ తవ్వి తీయాలి. అందుకే ఈసారి నేలలోనే వేడినీటి పైపులు వేయాలని ఖాయం చేసుకున్నాం. మా ఇంట్లో ఎవరూ చెప్పులతో తిరగరు. పిల్లల ఆటలన్నీ నేల మీదే. అమ్మ వచ్చిందంటే చాప పరచుకునే కూరలు తరుగుతుంది. నేల కింద కరెంటుతో వేడెక్కే మ్యాటు వేయడం తేలికే, చిన్న స్నానాలగదికి అది చాలు. రోజంతా వెచ్చగా ఉండాల్సిన హాలుకు మాత్రం నేను దాన్ని సిఫారసు చేయను. పైపుల్లోని నీళ్లు గ్యాసు బాయిలర్‌తో వేడెక్కుతాయి, ఇక్కడ యూనిట్ కరెంటు ధర గ్యాసు కంటే కొన్ని రెట్లు ఎక్కువ.

జులై: అసలు శ్రమంతా ఈ నెలదే. తేమను ఆపే షీటు, దాని మీద 100 మి.మీ. పీఐఆర్ బోర్డు (వేడిని కిందికి పోనివ్వని గట్టి నురుగు పలక), గోడల వెంట నురుగు పట్టీ. బోర్డు మందంలో పొదుపు వద్దని గట్టిగా చెబుతాను. అది పలుచనైతే మనం కొన్న వేడి మట్టిలోకి దిగిపోతుంది. ఆపైన 16 మి.మీ. పైపును 150 మి.మీ. ఎడంతో పరిచాను. ఈ లెక్కన చదరపు మీటరుకు సుమారు 6.7 మీటర్ల పైపు పడుతుంది. ఒక్కో చుట్టు (విడిగా వెళ్లి తిరిగొచ్చే పైపు) 100 మీటర్లు దాటకూడదు కాబట్టి మా 28 చదరపు మీటర్లకు మూడు చుట్లు వేశాను. పెద్ద అద్దాల తలుపు దగ్గర ఎడం 100 మి.మీ.కి తగ్గించాను. వంటగది అల్మారాల కింద పైపు లేదు, నేల లోపల ఎక్కడా అతుకు లేదు. టేపు కొలత కనబడేలా ప్రతి మూలా ఫొటో తీసుకున్నాను. రేపు ఎవరైనా నేలకు డ్రిల్లు పెట్టాలంటే అవే దిక్కు. పైపుల్లో 6 బార్ల ఒత్తిడి నిలిచిందని చూశాకే వాటిని కప్పే 70 మి.మీ. సిమెంటు పొర (స్క్రీడ్) వేయించాం.

ఆగస్టు: 21 రోజులు ఆగి నీళ్లు వదిలాం. మొదటి మూడు రోజులు 25 డిగ్రీలు, ఆ తర్వాత మెల్లగా పెంపు. బాయిలర్‌కు కలిపే పని లైసెన్సున్న గ్యాసు మెకానిక్‌దే.

అక్టోబరు: స్క్రీడ్ ఆరింది. టైల్స్ వేశాం.

జనవరి: పై అంతస్తు రేడియేటర్లకు 60 డిగ్రీల నీళ్లు వెళ్తున్నాయి. నేలకు మాత్రం, తిరిగొచ్చిన చల్లటి నీళ్లు కలిపే మిక్సింగ్ వాల్వు 40 డిగ్రీలే పంపుతుంది. నేల పైభాగం 25, 26 దగ్గర ఉంటుంది. మనుషులు మసిలే చోట 29 దాటకూడదన్నది యూరోపియన్ ప్రమాణం. అడుగు పెడితే చురుక్కుమనదు, చలీ వేయదు, అంతే. ఈ నేల వేడెక్కడానికి గంటలు పడుతుంది, చల్లారడానికీ అంతే. అందుకే రాత్రి పూర్తిగా ఆపను, థర్మోస్టాట్ రెండు డిగ్రీలు తగ్గిస్తాను. వేడిని అడ్డుకునే మందపాటి తివాచీ తీసి పలుచని జంపఖానా వేశాం. ఇడ్లీ పిండి గిన్నెను నేల మీద పెట్టి దుప్పటి కప్పితే చలికాలంలోనూ తెల్లారేసరికి పొంగుతోంది.

బాయిలర్ పాతబడింది. దాని స్థానంలో హీట్ పంపు (బయటి వేడిని కరెంటుతో లోపలికి లాగే యంత్రం) పెట్టాలని ఉంది. నీళ్లు మరీ వేడిగా అక్కర్లేకపోతేనే అది బాగా పనిచేస్తుంది. 40 డిగ్రీల నీళ్లతో నడిచే నేల దానికి ఇప్పటికే సిద్ధంగా ఉంది, పై అంతస్తు రేడియేటర్లనే పెద్దవిగా మార్చాలేమో కొలవాలి.