బిరడా మర్చిపోయిన సరంగు

మాది లొల్ల లాకుల దగ్గరి పల్లెటూరు. ఇంటి ముందే కాలువ. అయినా నేను పడవ ఎక్కిందంటే ఎప్పుడో గోదావరి దాటడానికి పంటు మీదే. లాకుల మీద నిలబడి నీళ్ళు సుళ్ళు తిరగడం చూస్తుంటే, అమ్మ వెతుక్కుంటూ వచ్చి చెవి పట్టుకుని లాక్కుపోయేది. అలాంటివాణ్ణి, నలభై మూడేళ్ళ వయసులో, ఇంగ్లాండులో సొంత పడవ కొన్నాను.

పడవంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. పన్నెండడుగుల ఫైబర్ పడవ, సెకండ్ హ్యాండ్. వెనక తగిలించుకునే చిన్న పెట్రోలు ఇంజిను, కింద తుప్పు పట్టిన ట్రైలరు. ముందు ఇన్సూరెన్సు, తర్వాత కాలువలు చూసుకునే కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ వాళ్ళ లైసెన్సు తీసుకున్నాను. ఈత వచ్చా అని మాత్రం ఎవరూ అడగలేదు.

మేం ఎంచుకున్న చోటు స్టాఫర్డ్‌షైర్‌లోని గ్రేట్ హేవుడ్. అక్కడ ట్రెంట్ అండ్ మెర్సీ కాలువలో స్టాఫర్డ్‌షైర్ అండ్ వూస్టర్‌షైర్ కాలువ వచ్చి కలుస్తుంది. శనివారం పొద్దున్నే నేను, మా ఆవిడ, మా బావమరిది బయల్దేరాం. డబ్బు కట్టి ఓ బోట్‌యార్డులో నీళ్ళలోకి దిగే సిమెంటు ర్యాంపు వాడుకున్నాం. ట్రైలరును వెనక్కి నడపడం అంత టెన్షన్ ఇంకోటి లేదు. స్టీరింగు కుడికి తిప్పితే ట్రైలరు ఎడమకి పోతుంది. నాలుగోసారికి సరిగ్గా దిగింది. పడవ తేలింది. మా ఆవిడ కొబ్బరికాయ కొట్టబోతుంటే బావమరిది అరిచాడు.

"బావా, లోపలికి నీళ్ళొస్తున్నాయ్!"

వాడి బూట్లు అప్పటికే తడిసిపోయాయి. పడవ వెనక పలకలో అడుగున రూపాయి బిళ్ళంత కన్నం ఉంటుంది, గట్టు మీద ఉన్నప్పుడు వాననీళ్ళు పోవడానికి. దానికో రబ్బరు బిరడా. "ఇది మాత్రం మర్చిపోకు" అని అమ్మినాయన మరీ మరీ చెప్పాడు కాబట్టే, జాగ్రత్తగా దాన్ని కారు డాష్‌బోర్డు అరలో పెట్టాను. పడవని మళ్ళీ ట్రైలరు మీదికి లాగి, పైకి తెచ్చి, నీళ్ళు కారిపోయేదాకా పావుగంట నిలబడ్డాం. మా వెనక పడవ దించడానికి వచ్చిన పెద్దాయన ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటూ, "నేనైతే రెండుసార్లు మర్చిపోయాను" అన్నాడు. అబద్ధమే అయ్యుంటుంది, కానీ ప్రాణం కుదుటపడింది. కొబ్బరికాయ ఆ తర్వాతే కొట్టాం.

ఇంజిను మొదటి లాగుడుకే అందుకుంది. చుక్కాని కర్ర మళ్ళీ ట్రైలరు లాగే ఉల్టా: కర్రని ఎడమకి నెడితే పడవ కుడికి తిరుగుతుంది. బుర్రకి తెలుసు, చేతికి తెలియదు. కుడివైపు ఉండాలి, ఎదురుపడవకి మన ఎడమ పక్క చూపించాలి అని పాఠం చదువుకునే వచ్చాను. డెబ్బై అడుగుల ఇనుప పడవ ఎదురుగా కనబడగానే అన్నీ మరిచి తుప్పల్లోకి పోనిచ్చాను. ముళ్ళకొమ్మలు గీసుకున్నది నన్ను కాదు, ముందు కూర్చున్న మా ఆవిడని. ఆ విషయం ఇంకా చల్లారలేదు.

కాలువలు కలిసే చోట వంతెన కింద కుడికి తిరగ్గానే కింద ట్రెంట్ నది, దాని మీదుగా మన కాలువ. పి.గన్నవరం దగ్గర వైనతేయ మీద అక్విడక్టు చూసినవాళ్ళకి ఇది వింతేం కాదు. కానీ పడవలో కూర్చుని నది మీంచి పోతుంటే కడుపులో అదోలా ఉంటుంది. మేం తిరిగిన ఈ స్టాఫర్డ్‌షైర్ అండ్ వూస్టర్‌షైర్ కాలువని జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజనీరు పథకం ప్రకారం తవ్వి 1772లో తెరిచారు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో. ఇక్కడ పడవల్ని గట్టు మీంచి గుర్రాలు లాగేవి, మన దగ్గర మోకు భుజాన వేసుకుని మనుషులు లాగేవారు.

ఆ తర్వాత కాలువ ఒక్కసారిగా చెరువంత అయిపోతుంది. పేరు టిక్సాల్ వైడ్. అక్కడి బంగళా దొరగారికి కిటికీలోంచి కాలువలా కాక చెరువులా కనబడాలని అంత వెడల్పు తవ్వించారట. బంగళా ఎప్పుడో పోయింది, దాని గేట్‌హౌస్ మాత్రం పొలంలో ఒంటరిగా నిలబడి ఉంది. ఇంజిను ఆపి పులిహోర తిన్నాం. వేగం గంటకు 4 మైళ్ళు దాటకూడదు. గట్టు మీద కుక్కతో నడిచే ఆవిడ మమ్మల్ని రెండుసార్లు దాటిపోయింది.

అసలు భయం టిక్సాల్ లాకు దగ్గర. లాకంటే రెండు వైపులా గేట్లున్న రాతి తొట్టి, అందులోకి నీళ్ళు వదిలితే పడవ పై మట్టానికి లేస్తుంది, తీసేస్తే కిందికి దిగుతుంది. ఇక్కడ చాలా లాకుల్ని పడవవాళ్ళే తెరుచుకోవాలి. విండ్లాస్ అనే ఇనుప హ్యాండిలు నీళ్ళు వదిలే తూముకి తగిలించి తిప్పితే పళ్ళచక్రం కటకటలాడుతుంది. పడవలో నేనొక్కణ్ణే. తాడుని గట్టు మీది గుంజకి ఒక చుట్టు తిప్పి, కొస చేత్తో పట్టుకున్నాను. ముడి వేస్తే నీళ్ళు దిగేటప్పుడు పడవ వేలాడుతుందట, అందుకే పైకెళ్ళేటప్పుడూ ముడి వెయ్యలేదు. బావమరిది తూము గబగబా ఎత్తేశాడు. ముందు నుంచి తెల్లటి నురగ వచ్చి పడవని వెనక్కి విసిరింది, తాడు అరచేతిని కోసింది. "నెమ్మదిరా!" అన్న నా కేక గోడలకి తగిలి నాకే వినబడింది. తర్వాత తూము సగానికి దించాడు. నాచు పట్టిన రాళ్ళు వరసవరసగా కిందికి పోయాయి. ముందు గడ్డి, ఆ తర్వాత మా ఆవిడ చెప్పులు కనబడ్డాయి. గేటుకున్న పొడుగాటి దూలానికి వీపు ఆనించి ఇద్దరూ నెట్టారు.

రాత్రి అమ్మకి వీడియో కాల్ చేసి అన్నీ చూపించాను. బిరడా సంగతి చెప్పలేదు. లాకు దగ్గర మాత్రం ఆపింది.

"గేట్లు మీరే తీశారా? లస్కరు లేడా?"

"లేడమ్మా, ఇక్కడ ఎవరిది వాళ్ళే తీసుకోవాలి."

"అంత డబ్బున్న దేశం, లాకుకి ఒక లస్కర్ని పెట్టుకోలేరూ?" అంది.