మంచం కోళ్ళు, మంగలికత్తి, బండి: నక్షత్రాల గుర్తులు చదివే పద్ధతి

అక్టోబరులో రాత్రి తొమ్మిది గంటలకి డాబా ఎక్కి తూర్పున బాగా ఎత్తులోకి చూడండి. నాలుగు చుక్కలు పెద్ద చదరంగా కనిపిస్తాయి. మధ్యలో దాదాపు ఖాళీ. అది మంచం, ఆ నాలుగూ మంచం కోళ్ళు. ముందు పొడిచిన పడమటి కోళ్ళు రెండూ పూర్వాభాద్ర, వెనక పొడిచిన రెండూ ఉత్తరాభాద్ర. ఈ జంటకి వేదకాలపు పేరు ప్రోష్ఠపదాలు, అంటే పీట కాళ్ళు. భాద్రపద మాసానికి పేరొచ్చింది వీటి నుంచే. ఆ నెల పున్నమి చంద్రుడు వీటి దగ్గర ఉంటాడు.

ముహూర్త గ్రంథాలు ప్రతి నక్షత్రానికీ ఎన్ని తారలో, ఏ ఆకారమో చెబుతాయి. అశ్వినికి మూడు తారలు, గుర్రం ముఖం. కృత్తికకి ఆరు, మంగలికత్తి. రోహిణికి ఐదు, బండి. చిత్తకి ఒకటే, ముత్యం. మూలకి పదకొండు, సింహం తోక. శతభిషానికి నూరు, వృత్తం. అంటే గుర్తు అనేది ముందుగా ఆకాశంలో చుక్కల్ని పోల్చుకోవడానికి పెట్టుకున్న ఆనవాలు. ఆ ఆకారానికి ఒక దేవత, ఆ దేవతకి తగిన స్వభావం, ఆ స్వభావానికి తగిన పనులు కలిశాకే దాని అర్థం పూర్తవుతుంది. గుర్తు ఒక్కటే పట్టుకుని "మీది కత్తి, కాబట్టి మీరు కోపిష్ఠి" అని ఫలితం చెప్పేస్తే మిగతాదంతా వదిలేసినట్టే.

పుబ్బ, ఉత్తర చూడండి. ఈ రెండూ కూడా మంచమే, ఒకటి మంచం, ఒకటి శయ్య. పుబ్బకి దేవత భగుడు, సుఖానికీ సౌభాగ్యానికీ అధిపతి. గుర్తు ఒక్కటే చూస్తే పెళ్ళికి ఇంతకన్నా మంచి నక్షత్రం లేదనిపిస్తుంది. కానీ వివాహ నక్షత్రాలు పదకొండింటిలో పుబ్బ లేదు, ఉత్తర ఉంది. పుబ్బ ఉగ్ర నక్షత్రం, అంటే కఠిన స్వభావం. ఉత్తర ధ్రువ నక్షత్రం, అంటే నిలకడ స్వభావం. ఉత్తరకి దేవత అర్యముడు, మాట ఇచ్చి నిలబెట్టుకునే స్నేహానికి, వియ్యానికి ఆయనే సాక్షి. అలిసి ఒళ్ళు వాల్చే మంచం వేరు, జీవితాంతం పంచుకునే శయ్య వేరు. ఈ తేడా బొమ్మలో దొరకదు, దేవతనీ స్వభావాన్నీ కలిపితేనే తెలుస్తుంది.

అసలు మీ నక్షత్రం సరిగ్గా తేల్చుకున్నారా అన్నది ముందు చూడాలి. తప్పులు ఎక్కువగా పంచాంగం చదవడంలోనే జరుగుతాయి. "రోహిణి రా. 9.42" అని ఉంటే రోహిణి రాత్రి 9.42 వరకే అని. ఆ రాత్రి పదింటికి పుట్టిన బిడ్డది మృగశిర. పంచాంగం రోజు సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా కాబట్టి "తె. 3.10" అని ఉన్నది ఆ తేదీ కిందే ఉన్నా, ఇంగ్లీషు లెక్కలో మర్నాటి తేదీది. ఘడియల్లో ఇస్తే సూర్యోదయం నుంచి లెక్క, ఘడియకి 24 నిమిషాలు. అమెరికాలో ఉన్నవాళ్ళు హైదరాబాదు పంచాంగం చూసి అదే గంట అనుకోవడం ఇంకో పొరపాటు. ఇక్కడి రాత్రి 9.42 అంటే న్యూయార్కులో చలికాలంలో అదే రోజు పగలు 11.12, వేసవిలో 12.12.

లెక్క కట్టడం కష్టమేమీ కాదు. చక్రం 360 డిగ్రీలు, నక్షత్రాలు 27. డిగ్రీకి 60 కళలు. ఒక్కో నక్షత్రానికి 13 డిగ్రీల 20 కళలు, అంటే 800 కళలు. పాదానికి, అంటే అందులో నాలుగో వంతుకి, 200. చంద్రుడు వృషభంలో 17 డిగ్రీల 40 కళల దగ్గర ఉన్నాడనుకోండి. దాటిన మేషం 30 కలిపితే 47 డిగ్రీల 40 కళలు, మొత్తం 2860 కళలు. 800తో భాగిస్తే మూడు నక్షత్రాలు పూర్తి, శేషం 460. నాలుగోది రోహిణి. 460లో రెండు పాదాలు పోగా 60 మిగిలింది, కాబట్టి మూడో పాదం. రోహిణిలో పుట్టినవాళ్ళ పేరు మొదలుపెట్టే అక్షరాలు, పాదానికొకటి, ఓ, వా, వీ, వూ. మూడోది "వీ". అదే శేషంతో దశ, అంటే జీవితంలో ఒక గ్రహం ఏలే కాలం, కూడా తేలుతుంది. రోహిణిలో పుడితే మొదటిది చంద్ర దశ, పదేళ్ళు. మిగిలిన 340 కళల్ని 800తో భాగించి పదితో గుణిస్తే నాలుగేళ్ళ మూడు నెలలు దశాశేషం.

చంద్రుడు గంటకి సుమారు 33 కళలు నడుస్తాడు. జనన సమయం గంట తప్పితే చంద్ర దశ ఐదు నెలలు జరుగుతుంది, ఇరవై ఏళ్ళ శుక్ర దశ అయితే పది నెలలు. "సాయంత్రం దీపాలు పెట్టే వేళ పుట్టాడు" అన్న జ్ఞాపకంతో దశల తేదీలు నమ్మకంగా చెప్పడం కుదరదు. అయనాంశ, అంటే చక్రం ఎక్కడ మొదలవుతుందో తేల్చే లెక్క, మారినా ఇదే ఇబ్బంది. లాహిరికీ రామన్ అయనాంశకీ తేడా దాదాపు డిగ్రీన్నర, అంటే ఇంచుమించు సగం పాదం. రెండు యాప్‌లు రెండు పాదాలు చూపిస్తే ముందు ఈ సెట్టింగు చూడండి. లాహిరిది చిత్రా పక్షం. చిత్త తారని సరిగ్గా 180 డిగ్రీల దగ్గర, అంటే చిత్తా నక్షత్ర భాగానికి నట్టనడుమ నిలబెట్టి మిగతా చక్రమంతా కొలుస్తారు. ఆ ఒంటి ముత్యం మీదే మొత్తం లెక్క ఆధారపడి ఉంది.

ఇక ఆకాశానికి వద్దాం. డిసెంబరు సాయంత్రాలు తూర్పున ముందు పొడిచేది కృత్తిక, మన పల్లెల్లో పిల్లలకోడి. చిన్న చుక్కలు గుత్తిగా ఉంటాయి, మామూలు కంటికి ఆరు కనిపిస్తాయి. మంగలికత్తి అక్కర్లేనిదాన్ని తీసేస్తుంది. దేవత అగ్ని, పచ్చిదాన్ని పక్వం చేస్తాడు. కుమారస్వామికి పాలిచ్చి పెంచిన ఆరుగురు తల్లులూ ఈ కృత్తికలే. కోసే చెయ్యీ, పెంచే చెయ్యీ ఒకటే అన్నమాట. అందుకే దీని స్వభావం మిశ్రం, హోమాది అగ్నికార్యాలకి పనికొస్తుంది.

దాని వెనకే ఎర్రటి చుక్క, రోహిణి. ఆ చుక్కతో కలిపి చిన్నవి మరో నాలుగు పక్కకి వాలిన "వి" ఆకారంలో ఉంటాయి. అదే బండి, శకటం. శని ఈ బండిలోంచి దూసుకుపోవడాన్ని రోహిణీ శకటభేదం అంటారు, లోకానికి పెద్ద అరిష్టమని శాస్త్రం. పంటని ఇంటికి మోసుకొచ్చే బండి కాబట్టి దెబ్బ తగిలేది తిండిగింజలకే. దేవత ప్రజాపతి, స్వభావం ధ్రువం. శంకుస్థాపన, గృహప్రవేశం, మొక్కలు నాటడం, ఏదైనా నిలిచి ఉండాల్సిన పని రోహిణిలోనూ, మూడు ఉత్తరల్లోనూ (ఉత్తర, ఉత్తరాషాఢ, ఉత్తరాభాద్ర) పెట్టేది ఇందుకే.

తర్వాత వచ్చే వరసలో పొరపాటు చాలామంది చేస్తారు. గొర్రుకొయ్యలని మనం పిలిచే వరస చుక్కలు మూడూ మృగశిర అనుకుంటారు. అవి బాణం, రుద్రుడు మృగరూపంలోని ప్రజాపతిపై వేసినది. లేడి తల వాటికి ఉత్తరంగా, చిన్న త్రిభుజంలా ముడుచుకున్న మూడు మసక చుక్కలు. పట్నం వెలుతురులో కనపడవు. దేవత సోముడు, స్వభావం మృదువు. వెతకడం, వాసన పట్టడం, కాస్త చప్పుడైతే ఉలిక్కిపడడం, లేడికున్న లక్షణాలే దీనికీ చెబుతారు. పక్కనే ఎర్రగా మెరిసేది ఆర్ద్ర, తడి అని అర్థం. గుర్తు మణి, కొందరు కన్నీటి బొట్టు అంటారు. దేవత రుద్రుడు. జూన్ 22 ప్రాంతంలో సూర్యుడు ఆర్ద్రలోకి వస్తే ఆరుద్ర కార్తె, తొలకరి ముదిరే రోజులు. కార్తె సూర్యుడి నక్షత్రం, పదమూడు పద్నాలుగు రోజులుంటుంది. జన్మనక్షత్రం చంద్రుడిది, సుమారు 21 నుంచి 27 గంటలుంటుంది. ఈ రెండూ కలిపేయకూడదు.

ఒక హెచ్చరిక. నక్షత్ర భాగాలు సమానం, చుక్కలు మాత్రం అలా సమంగా లేవు. ఆర్ద్ర తార లాహిరి లెక్కలో మృగశిర నాలుగో పాదంలోనే పడుతుంది. స్వాతి తార చిత్త భాగంలో, శ్రవణం తార ఉత్తరాషాఢ భాగంలో ఉన్నాయి. చంద్రుడు ఆర్ద్ర పక్కన కనిపిస్తున్నా పంచాంగంలో మృగశిర అని ఉంటే పంచాంగం తప్పు కాదు.

హస్త గురించి చెప్పాల్సింది తక్కువే. ఐదు చుక్కలు ఐదు వేళ్ళు, దేవత సవిత, స్వభావం లఘువు. చేతిపని, చదువు, మందు మొదలుపెట్టడానికి మంచిది. శ్రవణానికి మూడు అడుగులు, త్రివిక్రముడివి. పేరుకి అర్థం వినడం. తిరుమల శ్రీవారి జన్మనక్షత్రం ఇదే, బ్రహ్మోత్సవాల్లో చక్రస్నానం శ్రవణం నాడే.

మూల దగ్గర ఆగాలి, ఎందుకంటే దీని పేరు చెప్పి ఆడపిల్లల సంబంధాలు తప్పిపోతున్నాయి. వృశ్చికం తోకలో వంపు తిరిగిన చుక్కలు, సింహం తోక, మరో గుర్తు వేళ్ళ కట్ట. దేవత నిరృతి, స్వభావం దారుణం. వేరు దాకా తవ్వడం దీని పని. మందు వేరులోనే ఉంటుంది, కలుపు తీసినా వేరుతోనే తీయాలి. జననంలో పాదాలవారీగా ఫలం వేరు: మొదటిది తండ్రికి, రెండోది తల్లికి, మూడోది ధనానికి దోషమని, నాలుగోది శుభమని చెప్పారు. శాంతి కూడా చెప్పారు. ఏ పాదమో చూడకుండా "మూల పిల్ల మామగారికి ఆగదు" అని సంబంధం తిప్పి పంపడం అన్యాయం. వివాహ ముహూర్తాలకి ఒప్పుకున్న పదకొండు నక్షత్రాల్లో మూల ఒకటి. దసరాల్లో బెజవాడ ఇంద్రకీలాద్రి మీద కనకదుర్గమ్మని సరస్వతిగా అలంకరించేదీ, పిల్లలకి అక్షరాభ్యాసాలు చేయించేదీ మూలా నక్షత్రం రోజునే.

ఇవన్నీ చూసి పనికి తగిన నక్షత్రం ఎంచుకున్నాక అది మీకు పడుతుందా అనేది తారాబలం చెబుతుంది. మీ జన్మనక్షత్రాన్ని ఒకటిగా మొదలుపెట్టి ఆ రోజు నక్షత్రం దాకా లెక్కించి తొమ్మిదితో భాగించండి. శేషం 3 విపత్తు, 5 ప్రత్యక్, 7 నైధనం, ఈ మూడూ వదలాలి. 1 జన్మతార, చాలా పనులకి పెట్టరు. 2, 4, 6, 8, 0 మంచివి. రోహిణి వాళ్ళకి స్వాతి పన్నెండోది, శేషం 3, విపత్తార. తమ నక్షత్రాన్ని వదిలేసి మృగశిర నుంచి లెక్కపెడితే పదకొండు వస్తుంది, శేషం 2, సంపత్తార అనుకుని అదే రోజు దుకాణం తెరుస్తారు. కాబట్టి లెక్క ఎప్పుడూ సొంత నక్షత్రంతోనే మొదలుపెట్టండి.