బెయిలీని వదులుకోవాల్సింది కాదు

మెల్‌బోర్న్ శివారు టార్నీట్ నుంచి నగరంలోని సదర్న్ క్రాస్ స్టేషన్‌కి వెళ్లే రైల్లో నేనూ మా అబ్బాయీ మళ్లీ వాదులాడుకున్నాం. ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్ (ఏఎఫ్ఎల్)లో ఆడే వెస్టర్న్ బుల్‌డాగ్స్ జట్టంటే మాకు ప్రాణం. 2025లో 14 మ్యాచ్‌లు గెలిచి కూడా తొమ్మిదో స్థానంలో ఆగిపోయాం. ఆ ఏడాది ఫైనల్స్‌కి వెళ్లింది ఎనిమిది జట్లే. ఆ బాధ ఇంకా పోలేదు.

"అమ్మా, గోల్స్ కొట్టేవాళ్లు మనకున్నారు. వెనక బంతిని ఆపే పొడుగు డిఫెండర్లే కావాలి" అంటాడు వాడు. నిజమే. కానీ నా మనసు మా పాత ఆటగాడు బెయిలీ స్మిత్ దగ్గరే ఉంది. మోకాలి గాయంతో 2024 అంతా ఆడలేదు. ఆ ఏడాది చివర్లో జీలాంగ్ జట్టుకి వెళ్లిపోయాడు. అక్కడ ఎంత బాగా ఆడాడో! గాయపడ్డ కుర్రాడి ఫామ్‌ని ఆ ఒక్క ఏడాదితో కొలవకూడదు.

మా జట్టు ఆటగాడు సామ్ డార్సీని చూస్తే మాత్రం ఇద్దరం ఒక్కటవుతాం. రెండు మీటర్లు దాటిన మనిషి, అందరి తలల పైనుంచి చేతులు చాచి బంతిని అందుకుంటాడు. తండ్రి ల్యూక్ ఆడిన క్లబ్బులోకే ఫాదర్-సన్ నిబంధనతో వచ్చాడు. వాడు గాలిలోకి లేస్తే మా అబ్బాయి నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంటాడు.

డిఫెండర్ల సంగతి ఇంకా తేలలేదు. తిరుగు రైల్లో మళ్లీ మొదలు.