నూరేళ్ల దీవెన శాపమైన లోకం: నా అనుభవం

తిరుపతిలో కపిలతీర్థం దగ్గర మా మిద్దె మీద ప్రతి ఆదివారం సాయంత్రం మిత్రులతో కలిసి ఆడే రోల్‌ప్లేయింగ్ ఆట (ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మాట్లాడుతూ కథ నడిపే ఆట) కోసం, మనుషులను పోలిన ఒక గ్రహాంతర జాతిని కల్పించడానికి నాకు దాదాపు నాలుగు నెలలు పట్టింది. మొదటి చిత్తుప్రతిలో వాళ్లకు నీలిరంగు చర్మం, కోసుగా ఉండే చెవులు, కొంత మంత్రశక్తి ఇచ్చాను. అది చదివిన మా బృందంలోని చిన్నవాడు, “అన్నా, వీళ్లు ఎప్పుడు పండుకుంటారు?” అని అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు. నేను చేసిందల్లా మనుషులకు రంగు పూయడమేనని ఆ ప్రశ్నతో తెలిసింది.

అందుచేత శరీరాన్ని పక్కన పెట్టి, ముందుగా వాళ్ల నేలను నిర్ణయించుకున్నాను. 2016లో కనుగొన్నట్లు ప్రకటించిన ప్రాక్సిమా బి గ్రహాన్ని నమూనాగా తీసుకున్నాను. మనకు సుమారు 4.2 కాంతి సంవత్సరాల దూరంలోని ఆ గ్రహం సూర్యుడికన్నా చిన్నగా, మసకగా వెలిగే ఒక ఎర్ర మరుగుజ్జు నక్షత్రం చుట్టూ 11.2 రోజులకు ఒకసారి తిరుగుతుంది. అంత దగ్గరగా తిరిగే గ్రహానికి ఒకే ముఖం ఎప్పుడూ నక్షత్రం వైపు ఉండిపోవచ్చని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. నా గ్రహానికీ ఏడాది లెక్క అదే ఉంచాను. ఒక వైపు ఎడతెగని పగలు, మరొక వైపు ఎడతెగని రాత్రి, ఆ రెండింటి నడుమ మునిమాపు పట్టీలో మాత్రమే జనం. వాళ్లకు సంజెవారు అని పేరు పెట్టాను.

నేల కుదిరాక శరీరం సులువుగానే కుదిరింది. మసక వెలుతురుకు తగిన పెద్ద కళ్లకు, రాత్రిపూట తిరిగే మా శేషాచలం బంగారు బల్లిని తలచుకుని నిలువు కనుపాపలు ఇచ్చాను. ఆటలో పాత్ర చేసే పని ఫలించేదీ లేనిదీ పాచిక తేలుస్తుంది కనుక, వాళ్లకు పాచికలో పడిన అంకె మీద మసకలో రెండు అదనం, నిండు ఎండలో రెండు తక్కువ.

చిక్కంతా మాటల్లో వచ్చింది. ఒక ఆదివారం పూజారిణి పాత్రలో ఉన్న మిత్రురాలు సంజెవారి పసిబిడ్డను ఎత్తుకుని, “నిండు నూరేళ్లు వర్ధిల్లు తల్లీ” అని దీవించింది. ఆ బిడ్డ ఇంటి పెద్దామె పాత్రలో బదులివ్వబోయి నేను ఆగిపోయాను. అక్కడి నూరేళ్లంటే మనకు మూడేళ్ల పైచిలుకు. బిడ్డ మూడేళ్లకే పోవాలని కోరినట్లు వినిపించదా? పెద్దామె బిడ్డను లాక్కుని తలుపు వేసుకుంది; ఆ సాయంత్రం ఆట అక్కడితో నిలిచిపోయింది.

తర్వాతి నెలంతా మన వాడుక మాటలను ఒక్కొక్కటిగా ఆ గ్రహం మీద పెట్టి చూశాను. పొద్దు పొడవని చోట “తెల్లారింది” అనే మాట పుట్టదు, “రేపు” కూడా పుట్టదు. అలాంటప్పుడు నిద్రకు వేళ నిర్ణయించేది ఎవరు? ఊరంతా వంతులు వేసుకుని నిద్రపోతుందని రాసుకున్నాను. ఒకరి నిద్రకు మరొకరు కావలి ఉంటారు, కావలి ఉన్నవారికి నిద్రించేవారి కల వినబడుతుంది, అలా కలలు విన్నవారు రక్తబంధువులకన్నా దగ్గరివారవుతారు. వాళ్ల మంత్రశక్తి అంతా ఇదే. చిన్నవాడి ప్రశ్నకు జవాబు కూడా ఇదే, అది దొరికిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మళ్లీ ఆట మొదలైనప్పుడు మిత్రురాలు కాగితం మీద లెక్క వేసుకుని వచ్చింది. మూసిన తలుపు ముందు నిలబడి, “మూడు వేల రెండు వందల అరవై ఏళ్లు వర్ధిల్లు తల్లీ” అని దీవించింది. పెద్దామె తలుపు తీసి, నిద్రపోతున్న బిడ్డను ఆమె ఒడిలో పెట్టి, కావలి ఉండమని చెప్పింది.