సగం మిగిలిన మాత్రలు

“అవ్వా, నెల బీపీ మాత్రలు సగం అట్లే ఉండాయే?” ఆశా అక్క షీటు తిప్పి తిప్పి లెక్కపెడుతోంది. కళ్యాణదుర్గం దగ్గర మా ఊళ్లో, ఈరోజు పొద్దున.

కళ్లు తిరుగుతున్నాయని అవ్వే మానేసిందట. డాక్టరుకు చెప్పలేదు, మాకూ చెప్పలేదు. అక్క అడిగితే చెప్పేసింది! వెంటనే అక్క అవ్వను విలేజ్ క్లినిక్‌కు తీసుకుపోయింది. అక్కడి మేడమ్ బీపీ చూసి, పీహెచ్‌సీ డాక్టరుతో ఫోన్లో మాట్లాడి, మోతాదు మార్పించింది. వచ్చే వారం మళ్లీ చూస్తారట.

2017లో దేశంలో మొదలైన బీపీ నియంత్రణ కార్యక్రమంలో ఇలా జట్టుగా చూసుకోవడం ఒక ముఖ్యమైన పద్ధతి. అది ఎందుకు ముఖ్యమో ఈరోజు కళ్లారా చూశా.

వెయ్యి మందికి ఒక ఆశా అని లెక్క. ఇంటింటా బీపీ, షుగర్ ఉన్న ఈ రోజుల్లో అది అస్సలు చాలదు.